సున్నలోంచి పొగ

వంతెన వచ్చినంక రేవుల పడవ ఆగింది.
పడవ ఆగినంక
మా అత్త చేపల పొయ్యి ఆగింది.
మిగిలినయి: సిల్వర్ బగోనె ఒకటి,
పిడి విరిగిన ముకుడు,
ఎవలింటి పెండ్లిల మారిందో, మాది కాని మూత.

భంగార్ బండాయన కిలోకింత అన్నడు.
తక్కెట్ల పెట్టకముందే
బగోనె చెవులు రెండూ గట్టిగ పట్టుకున్న.

ప్రాణహిత తగ్గే నెలల్ల
జెల్లలు వలనిండ పడ్తయి, కొనే చేతులు పడయి.
ఐసు అహేరి నుంచి రావాలె,
వచ్చేసరికి అది ఉత్త నీళ్లు.
ఎండబెడ్తే పిల్లులు. మబ్బు పడ్తే పురుగులు.
సిరొంచల మాకు అప్పు లేకుండ దొరికేది
పొగ ఒక్కటే.

మడావి చిన్ను సైకిల్ షాపుల డ్రిల్లు ఉన్నది.
నేల మీద బొగ్గుతోని గీసి చూపిచ్చిన:
అడుగున నాలుగు బొక్కలు, గాలి లోపలికి.
నడుమ పాత చక్రం పుల్లలు అడ్డంగ, చేపలు పండుకోనీకి.
మూతకు కింద ఒక్క బొక్క, పొగ బయటికి.

"ఒక్కటంటే ఎక్కడ?" అన్నడు.

అంచు కింద చుక్కలు చుక్కలుగ
మా అత్త పేరున్నది: దుర్గం రాజుబాయి.
మామ మంచిర్యాలల కొట్టిచ్చిండట, అక్షరానికి పావలా.
చిన్ను మరాఠీ బడిల చదివినోడు,
తెలుగు వానికి ముగ్గు లెక్క.
మొన జారకుండ నిలిచే జాగ వెతికి వెతికి
సున్న నడుమ పెట్టిండు.
"గీసిపెట్టినట్టే ఉన్నది గదక్కా, గుండ్రంగ."
వద్దనేలోపు
సిల్వర్ పొట్టు మెలి తిరిగి
నా కాలివేళ్ల మీద రాలింది, వెచ్చగ.

ఇంటికి తెచ్చి ఆ దిక్కు గోడకు తిప్పిపెట్టిన.

మొదటి రోజు బొగ్గులు దమ్ము పట్టక చచ్చినయి.
ముకుడు అడుగుకు ఆనుకున్నది, బొక్కలు మూసుకున్నయి.
మూడు రాళ్లు పెట్టి లేపిన.
రెండో రోజు చేపలు బొగ్గులయినయి.
మూడో రోజు తుమ్మ బొగ్గులు బూడిద కప్పుకునేదాక ఆగి
నానబెట్టిన ఇప్ప చెక్కలు రెండే వేసి
మూత చుట్టూ గోధుమపిండి మెత్తిన.
మంట లేదు. చప్పుడు లేదు.
బగోనెను వాకిట్లకు తెచ్చుడు తోటి దాచింది బయటపడ్డది:
దుర్గం పక్కన
సన్నగ, నీలంగ, దారం లెక్క లేస్తున్నది.

మా అత్త గడపల కూసొని చూస్తున్నది.
చదువు రాదు ఆమెకు.
తన పేరు బగోనె మీద ఉన్నదని తెలుసు,
ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతదో తెల్వదు.
"పొగ బెట్టిన చేప దయ్యాలు తింటయి" అన్నది పొద్దున.
మాపటికి దగ్గరికి జరిగింది.
పొగ ఎక్కువైతే పిండి ముద్దతో సున్న సగం మూస్తది,
తక్కువైతే గోటితోని గీకి తీస్తది.
నేను చెప్పలేదు.
ముప్పై ఏండ్లు పొయ్యి ముందు కూసున్న చెయ్యి అది.

ఆరు గంటలకు మూత తీస్తే
జెల్లలు ఇత్తడి రంగు తిరిగినయి.
ఒకటి తుంచి నోట్లేసుకొని, కండ్లు మూసుకొని,
"ఉప్పు తక్కువ" అన్నది.
ఇంకొకటి తీసుకున్నది.

శుక్రవారం అంగడికి పోతే
బస్టాండ్ల అవతలి ఒడ్డు బస్సు ఆగి ఉన్నది.
నా మోచెయ్యి పట్టి గుంజింది:
"గా బోర్డు మీద మన పొగబొక్క ఉన్నదే!"
చూసిన. తెలుగుల రాసిండ్రు, సిరొంచ.

పక్కన మహారాష్ట్ర ఎర్రబస్సు. అదే ఊరు, అదే పేరు,
గీత మీద చిన్న చుక్క పెట్టిండ్రు.
చెయ్యి అడ్డం పెట్టుకొని చానాసేపు చూసింది.
"గింతంత పెడ్తే పొగెట్ల పోతది,"
అని చేపల సంచి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నది.